వ్రతకల్పం మీది పసుపు మరక: కాగిత పరిరక్షణలో వినియోగ చరిత్ర – అన్నవరం నేపథ్యంలో ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

పాత పుస్తకాల పరిరక్షణను తెలుగు సాహిత్య పరిశోధన సాధారణంగా గ్రంథాలయాల సాంకేతిక విషయంగా భావించి పక్కన పెడుతుంది. ఏ పుస్తకాన్ని కాపాడాలి, అందులో దేనిని ఉంచి దేనిని తుడిచివేయాలి అనే నిర్ణయం మాత్రం సాంకేతికమైనది కాదు, విమర్శకు చెందినది. అన్నవరం సత్యనారాయణస్వామి వ్రతంతో ముడిపడిన వ్రతకల్ప పుస్తకాన్ని ఆధారంగా తీసుకుని, వాడిన ప్రతి మీద మిగిలిన మరకలు, మడతలు, తుప్పు, చేతిరాతలు పుస్తక వినియోగ చరిత్రకు ఆధారాలని, వాటిని చెరిపే పునరుద్ధరణ ఆ మేరకు చరిత్రనే చెరుపుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఒక్కొక్క ప్రతినీ లెక్కించే సర్వే దీని పరిధి కాదు. పరిరక్షణ వెనుక ఉన్న విలువల పరిశీలనే దీని లక్ష్యం.

కీలక పదాలు: అన్నవరం, వ్రతకల్పం, పరిరక్షణ, పునరుద్ధరణ, ప్రతి, పాఠం, వినియోగ చరిత్ర.

1. ప్రవేశిక

పంపానది చెంత రత్నగిరి మీద సత్యనారాయణస్వామి ప్రతిష్ఠ 1891లో జరిగింది. నేడు కాకినాడ జిల్లాలో ఉన్న అన్నవరం తెలుగువారికి ప్రధానంగా వ్రతక్షేత్రం. భక్తులు ఇక్కడ దర్శనంతోనే తృప్తిపడరు. పీటల మీద కూర్చుని వ్రతం చేసి, కథ విని, గోధుమనూక ప్రసాదం అందుకుని కొండ దిగుతారు. గృహప్రవేశానికో పెళ్లి అయిన తరువాతనో అదే వ్రతాన్ని ఇళ్లలోనూ చేసుకుంటారు. ఇంట జరిగే వ్రతానికి ఆధారం ఒక చిన్న పుస్తకం. పలుచని అట్ట, చౌక కాగితం, మధ్యలో రెండు పిన్నులు, ముందు పూజావిధానం, తరువాత అయిదు అధ్యాయాల కథ. దీనినే వ్రతకల్పం అంటారు.

తెలుగునాట అచ్చయిన పుస్తకాల్లో ఇంత విస్తృతంగా వాడుకలో ఉన్నవి తక్కువ. ఇంత తక్కువగా దాచుకున్నవీ తక్కువే. కావ్య ప్రతులు గ్రంథాలయాలకు చేరాయి. పత్రికల పాత సంచికలను సేకర్తలు కొని దాచారు. వ్రతకల్పం మాత్రం చిరిగితే కొత్తది కొనుక్కునే వస్తువుగానే మిగిలింది. ఏ ప్రతినైనా కాపాడే అవకాశం దొరికినప్పుడు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇది: దాని మీది పసుపునూ, కుంకుమనూ, నేతి మరకనూ శుభ్రం చేయాలా, ఉంచాలా? చూడడానికి చిన్నదైన ఈ ప్రశ్న పుస్తకం అంటే ఏమిటన్న పెద్ద ప్రశ్నకు దారితీస్తుంది.

2. నిలిచిన పాఠం, పోయిన ప్రతి

తాళపత్ర సంస్కృతిలో పుస్తకాన్ని కాపాడడమంటే ప్రధానంగా దానిని మళ్లీ రాయడమే. ఆకు ఎండి పెళుసెక్కుతుంది, పురుగు తింటుంది, తేమకు బూజు పడుతుంది. అందుకని ఒక ఆకు శిథిలం కాకముందే మరొక ఆకు మీదికి పాఠాన్ని ఎక్కించేవారు. దీనికి తోడు నిత్య సంరక్షణ పద్ధతులు ఉండేవి. గంటంతో చెక్కిన అక్షరాలకు మసి పట్టించి తుడవడం, నిమ్మగడ్డి నూనె రాయడం, వస కొమ్ము, కర్పూరం వంటివి దగ్గర ఉంచడం, చెక్క పలకల మధ్య బిగించి గుడ్డలో చుట్టడం అటువంటివి. దసరాల్లో సరస్వతీ పూజ పేరిట పుస్తకాలను బయటికి తీసి, దుమ్ము దులిపి, పూజలో పెట్టడం కూడా ఏడాదికొకసారి జరిగే తనిఖీ వంటిదే.

లేఖకులకు ప్రతి ఎంత బలహీనమో తెలుసు. గ్రంథాంతంలో వారు పెట్టుకున్న విన్నపాల్లో ఒక కోరిక పదేపదే కనిపిస్తుంది. మెడ వంచి, నడుము నొప్పి ఓర్చుకుని రాసిన ఈ గ్రంథాన్ని నూనె నుంచి, నీటి నుంచి, వదులైన కట్టు నుంచి, విలువ తెలియని వారి చేతి నుంచి కాపాడమని ఆ కోరిక. అయినా కొత్త ప్రతి సిద్ధమయ్యాక పాత ఆకుల పని తీరిపోయినట్టే భావించారు. శిథిలమైన పవిత్ర గ్రంథాలను ప్రవహించే నీటిలో విడవడం ఆచారమైంది. దీనిని అజ్ఞానమని కొట్టివేయడం సరికాదు. పాఠం చావులేనిది, పత్రం దాని దేహం మాత్రమే అన్న స్పష్టమైన సిద్ధాంతం ఈ ఆచారం వెనుక ఉంది.

ఆధునిక కాలంలో పరిష్కర్తలు ఈ సిద్ధాంతాన్ని కొంత మార్చి కొనసాగించారు. సి.పి. బ్రౌన్ 1824 ప్రాంతంలో వేమన పద్యాల సేకరణతో మొదలుపెట్టి, పండితులను నియమించి, తాళపత్రాలను కాగితం మీదికి ఎత్తి రాయించి, ప్రతులను పోల్చి చూపించి శుద్ధప్రతులు సిద్ధం చేయించాడు. 1911లో ఏర్పడి తరువాత కాకినాడకు చేరిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, 1898 నాటి మూలాలున్న రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం గోదావరి సీమలో సేకరణ కృషికి నిలిచిన సాక్ష్యాలు. ఈ కృషి లేకపోతే తెలుగు సాహిత్య చరిత్రలో చాలా భాగం ఖాళీగా ఉండేది. అయితే ఇందులోనూ దృష్టి ప్రధానంగా పాఠం మీదనే నిలిచింది. ప్రతి ఆ పాఠానికి సాక్షిగా పనికివచ్చినంతవరకే గౌరవం పొందింది.

ప్రతికి స్వతంత్రమైన విలువ ఉందన్న సంగతి పాఠమే వివాదంలో పడినప్పుడు బయటపడుతుంది. మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుని కుమారసంభవాన్ని వెలుగులోకి తెచ్చాక దాని కాలం గురించి, ప్రామాణికత గురించి పండితులు దీర్ఘకాలం వాదించుకున్నారు. అటువంటి వాదాల్లో భాషా ప్రమాణాలు, ఛందస్సు, పూర్వకవి స్తుతి ఎంత అవసరమో ఆకు, లిపి, లేఖకుని చేయి కూడా అంతే అవసరం. అచ్చుప్రతి ఎంత నిర్దుష్టమైనదైనా ఆ సాక్ష్యాన్ని ఇవ్వలేదు.

3. నిర్వచనాలకు అందని పుస్తకం

పాఠానికి ప్రాధాన్యమిచ్చే దృష్టి నేటి సంస్థల నిర్వచనాల్లోనూ ఉంది. 2003లో మొదలైన జాతీయ రాతప్రతుల మిషన్ లెక్కలో రాతప్రతి అంటే చేతితో రాసినదై, కనీసం 75 ఏళ్ల నాటిదై, శాస్త్రీయ, చారిత్రక లేదా సౌందర్య విలువ కలిగినది. అచ్చు పుస్తకాలు ఆ పరిధిలోకి రావు. 2025లో ప్రకటించిన జ్ఞానభారతం కార్యక్రమం కూడా రాతప్రతుల కోసమే. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం వస్తువులకు సాధారణంగా వందేళ్లు, రాతప్రతులకు, పత్రాలకు 75 ఏళ్లు నిర్ణయించింది. నాలుగు అణాలకు అమ్ముడుపోయిన వ్రతకల్పాన్ని ఈ చట్టం కింద ఎవరైనా తలచుకుంటారని ఊహించడం కష్టం.

అచ్చు పుస్తకాల వైపు చూస్తే మరొక చిక్కు కనిపిస్తుంది. 1867 నాటి ముద్రణాలయాల, పుస్తకాల నమోదు చట్టం, 1954 నాటి ప్రజా గ్రంథాలయాలకు పుస్తకాల అప్పగింత చట్టం ప్రచురణకర్తల నుంచి ప్రతులను కోరాయి. 1954 చట్టంలో పుస్తకం అనే మాటకు కరపుస్తకం కూడా చెందుతుంది. అంటే చట్టప్రకారం వ్రతకల్పానికీ జాతీయ గ్రంథాలయంలో చోటుంది. అయితే అక్కడికి చేరే ప్రతి ముద్రణాలయం నుంచి నేరుగా వచ్చిన, ఎవరూ పూజలో తెరవని ప్రతి. ఆ ప్రతిలో పాఠం ఉంటుంది, వ్రతం ఉండదు. చట్టం ప్రతిని అడిగింది, వాడిన ప్రతిని అడగలేదు.

గోదావరి సీమకు సంబంధించినంతవరకు ఇది ప్రాంతీయ చరిత్రకు కలిగే నష్టం కూడా. రాజమహేంద్రవరం వ్రతకల్పాలకు, పంచాంగాలకు, స్తోత్ర పుస్తకాలకు పెద్ద ముద్రణ కేంద్రం. గొల్లపూడి వీరాస్వామి సన్, కొండపల్లి వీరవెంకయ్య అండ్ సన్స్ వంటి సంస్థల పుస్తకాలు తీర్థక్షేత్రాల అంగళ్ల ద్వారా తెలుగిళ్లకు చేరాయి. 1874లో వీరేశలింగం ప్రారంభించిన వివేకవర్ధని చరిత్రను తెలుగు పరిశోధన శ్రద్ధగా రాసుకుంది. అదే ఊరి నుంచి అంతకన్న ఎన్నో రెట్లు ఎక్కువ ఇళ్లలోకి వెళ్లిన పూజా పుస్తకాల చరిత్ర మీద అటువంటి శ్రద్ధ కనిపించదు.

4. కాగితం లోపలి శత్రువు

పాత ప్రతి శిథిలం కావడానికి వాడుక ఒక్కటే కారణం కాదు. 19వ శతాబ్ది మధ్యకాలం వరకు కాగితం ఎక్కువగా పాత గుడ్డపీలికల నుంచి తయారయ్యేది. తరువాత కలప గుజ్జు వచ్చింది. సిరా పాకకుండా కాగితానికి రోసిన్‌తో పాటు పటిక కలపడం అలవాటైంది. పటిక తేమతో కలిసి ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆమ్లం కాగితపు పోగుల్లోని సెల్యులోజ్ గొలుసులను తెంపుతుంది. చౌక కాగితంలో మిగిలిపోయే లిగ్నిన్ వెలుతురుకు పసుపుపచ్చగా, తరువాత గోధుమరంగుగా మారుతుంది. 20వ శతాబ్ది పూర్వార్ధంలో అచ్చయిన పుస్తకాలు ఎంత వేగంగా పెళుసెక్కుతున్నాయో అమెరికాలో విలియం బారో 1950లలో పరీక్షలతో చూపించాడు. శత్రువు కాగితంలోనే ఉందన్న సంగతి అప్పటి నుంచి గ్రంథాలయాలకు పెద్ద ఆందోళనగా మారింది.

గోదావరి సీమ వాతావరణం దీనికి మరింత ఊతమిస్తుంది. ఏడాదిలో చాలా కాలం గాలిలో తేమ ఎక్కువ. తేమ 65 శాతం దాటి నిలిచినప్పుడు బూజుకు అనువైన పరిస్థితి ఏర్పడుతుంది. ఇనుప పిన్నులు తుప్పుపట్టి, ఆ తుప్పు చుట్టూ ఉన్న కాగితాన్ని తినేస్తుంది. వెండిపురుగులు, బొద్దింకలు, చెదలు సరేసరి. 1986 ఆగస్టు గోదావరి వరదలు, 1996 నవంబరు 6 నాటి తుపాను వంటి విపత్తుల్లో ఇళ్లలోని కాగితాలకు ఏ గతి పట్టి ఉంటుందో చెప్పనక్కరలేదు. ఇటలీలో 1966 నవంబరు 4న ఆర్నో నది పొంగి ఫ్లారెన్స్ జాతీయ గ్రంథాలయాన్ని ముంచినప్పుడు దేశదేశాల నిపుణులు అక్కడికి వెళ్లారు. పుస్తకాన్ని దానికి తగినంత మేరకే ముట్టుకోవాలన్న ఆధునిక పరిరక్షణ వైఖరి బలపడడంలో ఆ అనుభవం పాత్ర పెద్దది.

ఆ వైఖరికి ముందు జరిగిన మరమ్మతులు కొన్ని మేలు కన్న కీడే ఎక్కువ చేశాయి. సెల్లోటేపు జిగురు గోధుమరంగు చారగా కాగితంలోకి ఇంకిపోతుంది. మైదా జిగురులో పురుగు పట్టకుండా కలిపే మైలుతుత్తంలోని రాగి కాగితపు క్షయాన్ని వేగవంతం చేయగలదు. ఒకప్పుడు గొప్ప పరిష్కారంగా కనిపించిన సెల్యులోజ్ ఎసిటేట్ లామినేషన్‌ను తరువాతి కాలంలో కష్టపడి ఊడదీయవలసి వచ్చింది. చేసిన మరమ్మతును అవసరమైతే వెనక్కి తీసుకోగలగాలి అన్న నియమం ఇటువంటి అనుభవాల నుంచే స్థిరపడింది. పలుచని జపాన్ కాగితం, పిండి జిగురు లేదా మిథైల్ సెల్యులోజ్ నేటికీ ఆదరణ పొందడానికి కారణం అదే.

5. మరకను చదవడం

పసుపు మరకలన్నీ ఒకటి కావు. కొత్త పుస్తకానికి, శుభలేఖకు నాలుగు మూలలా పసుపు రాయడం తెలుగిళ్లలో అలవాటు. అది ఉద్దేశపూర్వకమైన గుర్తు. ఈ పుస్తకం ఇకపై సరుకు కాదు, పూజావస్తువు అన్న ప్రకటన అది. పసుపు గణపతిని చేసిన వేళ్లతో పుట తిప్పినప్పుడు అంచున పడే ముద్ర వేరు. అది అనుకోకుండా పడినది, చేతి పనిని నమోదు చేసినది. అక్షతల పళ్లెం పక్కన పెట్టినందువల్ల చిమ్మిన మరక ఇంకొకటి. పంచామృతం, నెయ్యి, కర్పూరపు మసి, దీపం దగ్గర పెట్టినప్పుడు కమిలిన అంచు, ప్రతిదీ వ్రతంలో ఒక్కొక్క ఘట్టానికి చెందుతుంది.

ఏ పుటలో ఏ మరక ఉందన్నది కూడా అర్థవంతమే. పూజావిధానం చెప్పే పుటలు నలిగి, కథ పుటలు సాపేక్షంగా శుభ్రంగా ఉన్న ప్రతిని చూస్తే ఒక ఊహకు అవకాశం కలుగుతుంది. పూజను పుస్తకం చూసి చేశారు, కథను ఎవరో చదవగా చేతులు కట్టుకుని విన్నారు. కథ పుటలే ఎక్కువ నలిగిన ప్రతి అయితే, పూజ పురోహితుని నోట నడిచి, పుస్తకం కథ చదివే వ్యక్తి చేతిలో ఉందని ఊహించవచ్చు. ఇవి ఊహలే. ఒకే ప్రతితో రుజువు కావు. పది ఇళ్ల ప్రతులను పక్కపక్కన పెట్టి, ఆ ఇళ్ల పెద్దలను అడిగి సరిచూసినప్పుడు ఊహలు ఆధారాలుగా మారతాయి. తెలుగులో చదవడం, వినడం ఇంట్లో ఎలా పంచుకోబడ్డాయి, స్త్రీల చేతికి అచ్చు పుస్తకం ఏ దారిన వచ్చింది అనే ప్రశ్నలకు ఇది ఒక భౌతిక మార్గం.

ఈ మార్గాన్ని కథే సమర్థిస్తుంది. సత్యనారాయణ వ్రతకథలో కళావతి భర్త వచ్చాడన్న తొందరలో ప్రసాదం తీసుకోకుండా పరుగెత్తుతుంది, ఓడ మాయమవుతుంది. తుంగధ్వజుడు గొల్లలు ఇచ్చిన ప్రసాదాన్ని చులకన చేసి సర్వం కోల్పోతాడు. ఇద్దరూ తిరిగి వెళ్లి ప్రసాదం తిన్నాకే నష్టం పూడుతుంది. వినడంతో సరిపోదు, చేత్తో అందుకుని నోటితో తినాలి అన్నది ఈ కథ పట్టు. అటువంటి కథను మోసే పుట మీద నేతి వేలిముద్ర ఉండడాన్ని అపరిశుభ్రత అనడం కంటే కథ తన శ్రోతను చేరిన గుర్తు అనడం సమంజసం. తాళపత్ర లేఖకుడు తన గ్రంథాన్ని నూనె నుంచి కాపాడమని కోరాడు. వ్రతకల్పం బతుకంతా నూనె, నీళ్ల మధ్యనే. రెండింటికీ ఒకే పరిరక్షణ సూత్రం వర్తించదు.

6. శుభ్రం చేస్తే ఏమవుతుంది?

ఆమ్లత వల్ల పెళుసెక్కిన కాగితానికి పరిరక్షణశాలల్లో జరిగే ప్రసిద్ధ చికిత్స క్షారగుణం కలిగిన ద్రావణంలో తడపడం. కాల్షియం హైడ్రాక్సైడ్ లేదా మెగ్నీషియం బైకార్బొనేట్ ద్రావణం ఆమ్లాన్ని అణచి, కొంత క్షారాన్ని కాగితంలో నిలవ ఉంచుతుంది. సాధారణ పుస్తకానికి ఇది ఆయుష్షు పెంచే పని. పసుపు అంటిన పుస్తకం విషయం వేరు. పసుపు రంగుకు కారణమైన కర్కుమిన్ ఆమ్లంలో పచ్చగా ఉండి, క్షారం తగలగానే ఎరుపు వైపు తిరుగుతుంది. పసుపులో సున్నం కలిపి కుంకుమను, పారాణిని చేసుకున్న తెలుగిళ్లకు ఇది కొత్త విషయం కాదు. కనుక ఆమ్లత తొలగించే చికిత్స పసుపు మరకను కుంకుమ మరకలా మార్చగలదు. తరువాత చూసిన పరిశోధకుడు ఆ పుటలో కుంకుమపూజ జరిగిందని పొరబడవచ్చు. కాగితాన్ని కాపాడబోయి సాక్ష్యాన్ని తారుమారు చేసినట్టవుతుంది.

కుంకుమది మరొక సమస్య. నేటి కుంకుమల్లో కృత్రిమ రంగులు ఉంటాయి. అవి నీరు తగిలితే పక్క అక్షరాల మీదికి పాకవచ్చు. ఇక వెలుతురు సంగతి. కర్కుమిన్ వెలుతురుకు వెలిసిపోతుంది. అద్దాల పెట్టెలో దీపం కింద ప్రదర్శించిన వ్రతకల్పం కొన్నాళ్లకు తానే శుభ్రమైపోతుంది. అంటే ఏమీ చేయకపోవడం కూడా ఒక్కొక్కసారి చెరపడమే.

స్కానింగ్ ఈ చెరపడాన్ని ఒక్క క్షణంలో చేస్తుంది. ఈ శతాబ్ది తొలి సంవత్సరాల్లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేసింది. నేటి పరిశోధకులందరూ దాని ఋణగ్రస్తులే. అయితే ఆ స్కానులు ఎక్కువగా నలుపు–తెలుపు రెండే విలువలున్న చిత్రాలు. అటువంటి చిత్రంలో లేత పసుపు తెలుపులో కలిసిపోతుంది, ముదురు మరక నల్లబడి అక్షరాన్ని మింగుతుంది. పాఠం అందరికీ అందింది. ప్రతి మళ్లీ వెనుకబడింది. తాళపత్రాన్ని ఎత్తి రాసి పాత ఆకును నీటిలో విడిచిన పద్ధతికీ, స్కాన్ చేసి పుస్తకాన్ని మూలన పడేసే పద్ధతికీ మధ్య సిద్ధాంత భేదం అంతగా లేదు.

7. సౌందర్యం, చరిత్ర, వినియోగం

పునరుద్ధరణ విమర్శాత్మక చర్య అని వాదించిన వారిలో ఇటలీకి చెందిన చేజరే బ్రాన్ది ముఖ్యుడు. 1939లో రోమ్‌లో ఏర్పడిన కేంద్రీయ పునరుద్ధరణ సంస్థకు తొలి సంచాలకుడైన ఆయన 1963లో ప్రకటించిన సిద్ధాంతగ్రంథంలో కళావస్తువుకు రెండు పక్షాలను గుర్తించాడు. ఒకటి సౌందర్య పక్షం, రెండవది చారిత్రక పక్షం. పునరుద్ధరణ సౌందర్య సమగ్రతను తిరిగి తేవాలి, కానీ కాలం ఆ వస్తువు మీద వదిలిన గుర్తులను చెరపకూడదు. ఈ రెంటి మధ్య తీర్పు చెప్పడమే పునరుద్ధరణలోని విమర్శ.

ఈ ఆలోచన నేటికీ విలువైనదే. వ్రతకల్పం దగ్గర మాత్రం దీని పరిమితి తెలుస్తుంది. బ్రాన్ది కళావస్తువునూ ఉపయోగ వస్తువునూ వేరు చేశాడు. ఉపయోగ వస్తువు విషయంలో పునరుద్ధరణ అంటే దాని పనిని తిరిగి సాధ్యం చేయడం. ఆ లెక్కన చిరిగిన వ్రతకల్పాన్ని పునరుద్ధరించడమంటే కొండ కింద అంగట్లో కొత్తది కొనడమే. భక్తుడు సరిగ్గా ఆ పనే చేస్తున్నాడు. శాస్త్రమూ ఆచారమూ ఇక్కడ ఒకే నిర్ణయానికి వచ్చాయి. ఆ నిర్ణయం వల్ల పాత ప్రతి రెండు వైపులా అనాథ అయింది.

అందుచేత వినియోగ పక్షం అనే మూడవ దానిని చేర్చుకోవడం అవసరం. ఒక వస్తువు ఎవరి చేతుల్లో, ఏ పనిలో, ఎలా అరిగిందో తెలిపే గుర్తులు ఆ వస్తువు అర్థంలో భాగం అన్నది ఈ పక్షం సారాంశం. చారిత్రక పక్షంలోనే ఇది ఇమిడి ఉందని అనవచ్చు. కానీ చరిత్ర పేరుతో మనం గౌరవించే గుర్తులు ఎక్కువగా రాజముద్రలు, ప్రసిద్ధుల సంతకాలు, దానపత్రాలు. పేరులేని చేతి మరకకు ఆ గౌరవం దానంతట అది రాదు. దానిని విడిగా పేర్కొంటేనే పరిరక్షణశాలలో ఎవరైనా చేయి ఆపి ఆలోచిస్తారు.

ఒకే గౌరవభావం వేరే ఫలితానికి దారితీసిన సందర్భం ప్రపంచ చరిత్రలో ఉంది. యూదులు దైవనామం ఉన్న శిథిల పత్రాలను పారవేయకుండా ప్రార్థనామందిరంలో ఒక గదిలో వేసి ఉంచేవారు. కైరోలోని అటువంటి గది నుంచి 1896–97లో సాలమన్ షెక్టర్ కేంబ్రిడ్జికి తరలించిన తునకలు మధ్యయుగ మధ్యధరా ప్రాంత జీవితాన్ని తిరిగి రాయించాయి. మత గ్రంథాలతో పాటు ఉత్తరాలు, పద్దులు, పిల్లల రాత అభ్యాసాలు అందులో బయటపడ్డాయి. వారూ పాత పత్రాన్ని పవిత్రమనే వాడుక నుంచి తప్పించారు, తెలుగువారూ అందుకే నీటిలో విడిచారు. తేడా గదికీ నదికీ మధ్య ఉంది.

8. అట్ట చెప్పే కాలం

పాఠం కోసమే పుస్తకాన్ని చూసేవారు కూడా ప్రతిని వదులుకోలేరు. చౌక పూజా పుస్తకాల్లో ముద్రణ సంవత్సరం తరచుగా ఉండదు. వ్రతకథల వచనం గ్రాంథికం నుంచి సులభ వచనానికి ఎప్పుడు, ఎలా జరిగిందో పరిశీలించదలచిన పరిశోధకునికి తేదీలు లేని పునర్ముద్రణలే ఎదురవుతాయి. అప్పుడు ఆధారం అట్ట, ముఖపత్రం, చివరి పుట.

వెల అణాల్లో ఉంటే అది సాధారణంగా 1957 ఏప్రిల్ 1కి ముందుది లేదా ఆ పరివర్తన కాలానిది. నయాపైసలు అన్న మాట 1957–1964 మధ్యకాలాన్ని సూచిస్తుంది. 1964 జూన్‌లో నయా అన్న విశేషణం తొలగింది. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే ప్రతి 1972 ఆగస్టు 15కు తరువాతిది. తూర్పు గోదావరి జిల్లా అన్న పేరు 1925కు ముందు ఉండే అవకాశం లేదు. ఆంధ్రరాష్ట్రం అన్న మాట 1953 అక్టోబరు 1, 1956 నవంబరు 1 తేదీల మధ్యకు నడిపిస్తుంది. అన్నవరం కాకినాడ జిల్లాలోనిదని అచ్చయి ఉంటే అది 2022 ఏప్రిల్ తరువాతి ప్రతి. అక్షరాలు పుట వెనుకవైపు ఉబ్బెత్తుగా తగులుతుంటే లోహపు అచ్చు, నున్నగా ఉంటే ఆఫ్‌సెట్ అని వేలితోనే గుర్తించవచ్చు. వెనుక అట్ట మీది ప్రకటనల జాబితా ఆ సంస్థ మరేయే పుస్తకాలను అప్పటికి అచ్చువేసిందో చెబుతుంది.

పాత పుస్తకాన్ని బైండింగుకు ఇచ్చినప్పుడు మొదట పోయేది అట్ట. అంచులు సమం చేసేటప్పుడు పోయేవి పుట పక్కన రాసుకున్న గోత్రనామాలు, వ్రతం చేసిన తేదీలు. స్కాన్ చేసేవారు పాఠం కాదనుకుని వదిలేసేది ప్రకటన పుట. కాలనిర్ణయానికి పనికివచ్చే సాక్ష్యమంతా పుస్తకం అంచుల్లో ఉంది, పరిరక్షణ పేరుతో మొదట కోసేదీ అంచులనే.

9. అభ్యంతరాలు

ఈ ప్రతిపాదనకు మూడు అభ్యంతరాలు రావచ్చు. లక్షల సంఖ్యలో అచ్చయిన పుస్తకానికి అన్ని ప్రతులూ దాచడం సాధ్యమా అన్నది మొదటిది. అన్నీ దాచనక్కరలేదు. ఒక ముద్రణకు ఒక శుభ్రమైన ప్రతి, వేర్వేరు ఇళ్లలో వాడిన కొన్ని ప్రతులు ఉంటే పోలికకు చాలు. ఎంపిక తప్పదు, ఎంపికకు కారణం రాసిపెట్టడమే ముఖ్యం.

రెండవది బలమైన అభ్యంతరం. నెయ్యి, బెల్లం, పంచామృతం పురుగును పిలుస్తాయి. ఒక మరకను గౌరవించి అల్మరా అంతటినీ పోగొట్టుకోవడం వివేకం కాదు. దీనికి జవాబు మరకను కడగడం కాదు, ప్రతిని వేరుచేయడం. పొడిబ్రష్‌తో వదులు దుమ్మును తీయడం, తుప్పుపట్టిన పిన్నులను జాగ్రత్తగా తొలగించి అవే చిల్లుల గుండా నూలుదారంతో కుట్టడం, ఆమ్లం లేని కవరులో పెట్టడం, వెలుతురు తగలని చోట ఉంచి తరచుగా తనిఖీ చేయడం చాలావరకు సరిపోతాయి. పసుపు ఉన్న ప్రతికి క్షారం కలిపిన కవరు కన్న తటస్థమైన కాగితం మేలు. ఏ చికిత్సకైనా ముందు అట్ట నుంచి అట్ట దాకా రంగుల్లో ఛాయాచిత్రాలు తీసుకోవాలి. ఇవేవీ పెద్ద పరిరక్షణశాలలకే సాధ్యమయ్యే పనులు కావు. కళాశాల గ్రంథాలయంలోనూ చేయవచ్చు.

మూడవది భక్తుల వైపు నుంచి వచ్చేది. పూజా పుస్తకాన్ని మ్యూజియం వస్తువుగా మార్చడం దాని పవిత్రతకు భంగం కాదా అని వారు అడగవచ్చు. నిమజ్జనం చేయదలచిన వారి నిర్ణయాన్ని కాదనే హక్కు పరిశోధకునికి లేదు. ఇవ్వడానికి ఇష్టపడిన వారి ప్రతులను మాత్రమే తీసుకోవాలి. ప్రతిలో రాసి ఉన్న కుటుంబనామాలను, గోత్రాలను ప్రచురణలో బయటపెట్టకూడదు. మరకను కడగకుండా ఉంచే పద్ధతి ఈ అభ్యంతరానికి కొంత ఊరట కూడా ఇస్తుంది. పసుపును తుడిచి పుస్తకాన్ని మళ్లీ సరుకుగా మార్చే పునరుద్ధరణ కన్న, దానిని పూజలో పాల్గొన్న వస్తువుగా ఉన్నదున్నట్టు ఉంచే పద్ధతే భక్తుని భావనకు దగ్గరగా ఉంటుంది.

10. ముగింపు

తెలుగు పరిష్కరణ సంప్రదాయం పాఠాన్ని కాపాడడంలో సాధించిన విజయం అసామాన్యం. ఆ విజయమే ప్రతి పట్ల ఒక ఉదాసీనతను కూడా అలవాటు చేసింది. తాళపత్రాన్ని ఎత్తిరాసిన చేయి, అట్టను కోసిన బైండరు, పసుపును తెలుపు చేసిన స్కానరు ఒకే సిద్ధాంతాన్ని వేర్వేరు కాలాల్లో అమలు చేశాయి. అన్నవరం వ్రతకల్పం ఆ సిద్ధాంతం చాలని చోటును చూపిస్తుంది. ఈ పుస్తకంలో పాఠం దాదాపు స్థిరం. మారుతూ వచ్చినదీ, చరిత్ర కలిగినదీ ప్రతియే.

పరిరక్షణ నిపుణునికి కర్కుమిన్ స్వభావం తెలుసు, వ్రతంలో పసుపు గణపతి ఎప్పుడు చేస్తారో తెలియకపోవచ్చు. తెలుగు అధ్యాపకునికి రెండవది తెలుసు, మొదటిది తెలియకపోవచ్చు. వీరిద్దరూ కలిసి చూడకపోతే ఏది మురికి, ఏది ఆధారం అన్న తీర్పు ఎవరూ ఆలోచించకుండానే జరిగిపోతుంది. విశ్వవిద్యాలయ తెలుగు శాఖల్లో పరిష్కరణ పాఠ్యాంశం పక్కన ప్రతి పరిశీలనకు చోటివ్వడం, గోదావరి జిల్లాల కళాశాలలు తమ పరిసరాల ఇళ్ల నుంచి ఇష్టపూర్వకంగా వచ్చే పూజా పుస్తకాలను వివరాలతో నమోదు చేయడం ఈ దిశలో సాధ్యమైన తొలి పనులు. లోహపు అచ్చుతో ముద్రించి, అణాల్లో వెల వేసిన ప్రతులు ఇంకా కొన్ని దేవుడి గదుల్లో ఉన్నాయి. అవి కొనుక్కున్న తరం మాత్రం వెళ్లిపోతోంది. ఏ మరక ఏ పూజనాటిదో చెప్పగలిగిన వారు ఉండగానే ఆ ప్రతులను వారి మాటతో కలిపి నమోదు చేయాలి. తరువాత మిగిలేది కాగితం మాత్రమే.